ఆమడ నుంచి గగనదూరం వరకు: మేడ్చల్–శామీర్‌పేట ప్రాంత ప్రయాణకాల చరిత్ర

వ్యాససంగ్రహం

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఒక సంఖ్యగా, ప్రయాణకాలాన్ని మరొక సంఖ్యగా చెప్పడం నేటి వాడుక. ఆ సంఖ్యలు ఒక రన్‌వే దగ్గర మొదలై మరొక రన్‌వే దగ్గర ముగుస్తాయి. ప్రయాణికుడి ఊరు ఆ లెక్కలోకి రాదు. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేటలను ఆధారంగా చేసుకొని, ఊరికీ రన్‌వేకూ మధ్య మిగిలిన దూరం నైసర్గికమైనది కాదని, రెండు శతాబ్దాల సైనిక, పాలన, వాణిజ్య నిర్ణయాల ఫలితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆమడ, మజిలీ, మహావృత్త దూరం, బేగంపేట, శంషాబాద్, హకీంపేట, దుండిగల్, బాహ్యవలయ రహదారి, గల్ఫ్ వలస.

ఉపోద్ఘాతం

దూరాన్ని కాలంతో కొలవడం తెలుగువారికి కొత్త కాదు. ‘పూట ప్రయాణం’, ‘రెండు రోజుల నడక’ అన్న మాటల్లో దూరమూ కాలమూ వేరువేరు కావు. ‘కూతవేటు’ అన్నప్పుడు కొలమానం మనిషి గొంతు. ‘కనుచూపు మేర’ అన్నప్పుడు కన్ను. ఆమడ, క్రోసు వంటి మానాలు వీటికంటే కొంత స్థిరమైనవే అయినా అన్ని ప్రాంతాల్లో ఒకేలా లేవు. నాలుగు క్రోసులను ఒక ఆమడగా లెక్కించడం పరిపాటి. క్రోసు రెండు మైళ్లకు కాస్త అటూ ఇటూగా ఉండేది. ఆ లెక్కన ఆమడ సుమారు ఎనిమిది మైళ్లు, అంటే 13 కిలోమీటర్ల దరిదాపు.

విమానయానం ఈ బంధాన్ని తెంచింది. ఇక్కడ దూరమంటే భూగోళం మీద రెండు బిందువులను కలిపే అతి పొట్టి వక్రరేఖ పొడవు. దీన్నే మహావృత్త దూరం అంటారు. దానిలో నడిచేవాడి అలసట లేదు, దారిలోని వాగు లేదు. ప్రయాణకాలం వేరే లెక్క. విమానం నిలిచిన చోటి నుంచి కదిలినప్పుడు మొదలై, గమ్యంలో తిరిగి నిలిచినప్పుడు అది ముగుస్తుంది. ఈ రెండు అంకెలూ శాస్త్రీయమైనవే. అయితే వాటికి ఒక ముందు భాగం, ఒక వెనుక భాగం ఉన్నాయి. ఆ భాగాల చరిత్రను పరిశీలించడానికి హైదరాబాదు ఉత్తర పొలిమేర తగిన స్థలం. రెండు వైమానిక కేంద్రాల నడుమ ఉంటూ కూడా విమానం ఎక్కడానికి నగరం ఆవలి కొసకు పోవలసిన ప్రాంతమిది.

1. మజిలీల బాట

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రాసాహిత్యంలో తొలి గొప్ప రచనగా అందరికీ తెలిసినదే. దానిని సాధారణంగా సాంఘిక చరిత్రకు ఆధారంగా చదువుతారు. దూరకాలాల చరిత్రకు కూడా అది అంతే విలువైన ఆధారం. ఊరికీ ఊరికీ మధ్య దూరం, బాట స్థితి, వాగులు, దిగడానికి తగిన చోటు, దొరికే సరుకులు, ఇవన్నీ కలిస్తేనే ఆయనకు ఒక మజిలీ. దూరం ఒక్కటే ఎన్నడూ చెప్పడు. పల్లకీ మోసే బోయీల కాళ్లే ఆయన గడియారం.

హైదరాబాదు, సికింద్రాబాదుల నుంచి ఆయన ఉత్తరంగా నిర్మల్, నాగపురాల దిశగా సాగాడు. నేటి 44వ జాతీయ రహదారి స్థూలంగా అదే దిశలో మేడ్చల్ మీదుగా పోతుంది. దక్కను నుంచి ఉత్తరదేశానికి పోయే యాత్రికులకు, వర్తకులకు, సైన్యాలకు ఇది నగరం దాటాక వచ్చే తొలి నేల. శామీర్‌పేటది ఇంకొక దారి. అది సిద్ధిపేట, కరీంనగర్‌ల వైపు సాగి నేడు రాజీవ్ రహదారిగా పేరుపడింది. ఈ రెండు బాటలూ నగరంలో కలిసి, నగరం దాటగానే విడిపోతాయి. ఈ ప్రాంతాన్ని ‘శివారు’ అనడం నగరం నుంచి చూసేవారి మాట. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చేవారికి ఇది వాకిలి.

రైలు వచ్చాక ఈ రెండు వాకిళ్ల మధ్య తేడా ఏర్పడింది. 19వ శతాబ్ది ముగిసి 20వ శతాబ్ది మొదలయ్యే వేళ సికింద్రాబాదు నుంచి మన్మాడ్‌కు వేసిన మీటర్‌గేజ్ మార్గం బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్‌ల గుండా పోయింది. మేడ్చల్‌కు స్టేషను దక్కింది. శామీర్‌పేటకు నేటికీ రైలు లేదు.

2. ఉత్తరం సైన్యానిదైన తీరు

హైదరాబాదు విమానాశ్రయాల చరిత్రను 20వ శతాబ్దితో మొదలుపెట్టడం ఆనవాయితీ. వాటి స్థానాలను వివరించాలంటే మాత్రం 1798 దాకా వెనక్కి పోవాలి. ఆ సంవత్సరపు సైన్యసహకార సంధి వల్ల ఆంగ్ల సైన్యం నిజాం రాజధాని పక్కన స్థిరపడింది. 1806లో ఆ దండుకు సికందర్ జా పేరిట సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. దండు పెరిగిన దిశ ఉత్తరం. తిరుమలగిరి, బొల్లారం, ఆ పైన హకీంపేట. మూసీ ఒడ్డున ఉన్న పాత నగరానికి దూరంగా, మెట్ట నేలల మీద, నాగపురం బాటను కాపుకాస్తూ ఈ విస్తరణ సాగింది.

విమానాలు వచ్చినప్పుడు మైదానాల కోసం వెతుకులాట అక్కరలేకపోయింది. దండు అధీనంలోని నేల సిద్ధంగా ఉంది. శామీర్‌పేట దారిలోని హకీంపేట స్వాతంత్ర్యానంతరం భారత వైమానిక దళపు శిక్షణ కేంద్రమైంది. మేడ్చల్‌కు పడమట ఉన్న దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబరు 11న నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశాడు. 1971లో అది ప్రారంభమైంది. దేశానికి పైలట్లను తయారుచేసే రెండు స్థలాలు ఇలా మేడ్చల్, శామీర్‌పేటలకు చెరొక పక్కన నెలకొన్నాయి. ఈ ఊళ్ల పిల్లలు శిక్షణ విమానాల చప్పుడు వింటూ పెరిగారు. అయినా ఆ రన్‌వేలు పౌరులవి కావు. పైనున్న గగనతలంలో కూడా శిక్షణ అవసరాలదే ముందుమాట.

సైనిక ఉనికి వల్ల ఈ ప్రాంతానికి నష్టమే జరిగిందని చెప్పడం సరికాదు. బొల్లారం నుంచి హకీంపేట దాకా నేల పచ్చగా, ఖాళీగా మిగలడానికి కారణం అదే. రోడ్లు ఇరుకుగా మిగలడానికి కారణం కూడా అదే. రక్షణ శాఖ భూముల బదలాయింపునకు కేంద్రం సమ్మతించిన తరువాతనే, 2024 మార్చిలో, ఈ రెండు రహదారులపై ఎత్తైన వంతెన మార్గాలకు శంకుస్థాపన జరిగింది. 1806 నాటి ఎంపిక 2024లో కూడా ఒక ప్రయాణికుడి గంటను నిర్ణయిస్తున్నదన్నమాట.

3. బేగంపేట కాలం

బేగంపేట విమానాశ్రయం 1930లలో రూపుదిద్దుకుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో డకోటా విమానాలతో సర్వీసులు ప్రారంభించింది. మద్రాసు–హైదరాబాదు–నాగపూర్–ఢిల్లీ దాని ముఖ్య మార్గం. 1953లో ప్రైవేటు విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

బేగంపేట నుంచి నాగపూర్‌కు సరళరేఖ గీస్తే పొడవు సుమారు 400 కిలోమీటర్లు. అది మేడ్చల్‌కు అతి సమీపంగా, దాదాపు ఊరి నెత్తిమీదుగా పోతుంది. ఒకనాటి యాత్రికుడు మజిలీలుగా నడిచిన బాటను డకోటా ఒకటిన్నర గంటలో దాటగలిగేది. అదే దిక్కు, దాదాపు అదే రేఖ. మధ్యలో ఊళ్లు మాత్రం లేవు. మజిలీ అంటే దిగేచోటు. డకోటాకు మేడ్చల్ దిగేచోటు కాదు.

అయినప్పటికీ బేగంపేట కాలంలో ఈ ఊళ్లకు ఒక సౌలభ్యం ఉండేది. మేడ్చల్ నుంచీ, శామీర్‌పేట నుంచీ బేగంపేటకు నేరుదూరం 20 కిలోమీటర్ల దరిదాపు, ఒకటిన్నర ఆమడ. విమానాశ్రయం దండుకు దక్షిణపు అంచున ఉంది, ఈ ఊళ్లు ఉత్తరపు అంచున ఉన్నాయి. మధ్యనున్నది ఒకే రహదారి, నగరాన్ని దాటవలసిన పని లేదు. ఆనాడు ఈ సౌలభ్యాన్ని వాడుకున్నవారు ఈ ఊళ్లలో ఎందరున్నారన్నది వేరే ప్రశ్న. విమానం ఎక్కగలిగినవారు పెరిగేసరికి విమానాశ్రయమే తరలిపోయింది.

4. చట్టంగా మారిన దూరం

2004 డిసెంబరు 20న కేంద్ర ప్రభుత్వానికీ కొత్త విమానాశ్రయ నిర్మాణ సంస్థకూ మధ్య కుదిరిన రాయితీ ఒప్పందం దూరకాలాల చరిత్రలో ప్రత్యేకంగా చదవవలసిన పత్రం. శంషాబాద్ నుంచి 150 కిలోమీటర్ల వాయుదూరంలో, ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్లలోపు, పోటీ విమానాశ్రయం రాకుండా అందులో నిబంధన ఉంది. కొలత రోడ్డు దూరం కాదు, వాయుదూరం. భూగోళ గణితంలో ఒక సాధనంగా ఉన్న మహావృత్త దూరం ఇక్కడ ఒక వ్యాపార హక్కుకు సరిహద్దు అయింది. 2008 మార్చి 23న శంషాబాద్‌లో రాకపోకలు మొదలై, అదే రోజు బేగంపేట వాణిజ్య విమానాలకు మూతపడింది. 25 ఏళ్ల గడువు 2033 దాకా నడుస్తుంది.

ఈ నిబంధన బలం ఎంతటిదో వరంగల్లు ఉదాహరణ చెబుతుంది. నిజాం కాలపు మామునూరు విమానాశ్రయం శంషాబాద్‌కు సరళరేఖలో 150 కిలోమీటర్లకు కొద్దిగా లోపల పడుతుంది. దాని పునరుద్ధరణకు శంషాబాద్ నిర్వాహక సంస్థ సమ్మతి అవసరమైంది. అది లభించాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. బేగంపేట, హకీంపేట, దుండిగల్ మూడూ ఈ వృత్తం నడిబొడ్డున ఉన్నాయి. రన్‌వే ఉండటం, విమానం ఎక్కే వీలు ఉండటం ఒకటి కాదన్న సంగతి ఉత్తర శివారులో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదేమో.

కొత్త స్థలం ఎంపికకు కారణాలు లేకపోలేదు. బేగంపేట చుట్టూ నగరం కమ్ముకుంది, రన్‌వే పొడిగించే వీలు లేదు. శంషాబాద్‌లో సువిశాలమైన నేల దొరికింది. మార్పు అనివార్యమన్న వాదనను అంగీకరించవచ్చు. దాని ఖర్చును అన్ని దిక్కులూ సమానంగా మోశాయన్న వాదనను అంగీకరించలేం. మేడ్చల్, శామీర్‌పేటల నుంచి శంషాబాద్‌కు నేరుదూరం సుమారు 43 కిలోమీటర్లు. ఒకటిన్నర ఆమడ ఒక్క రోజులో మూడు ఆమడల పైచిలుకైంది.

5. వలయం చుట్టూ

ఆ మూడు ఆమడలు కూడా పక్షికే. రోడ్డు మీద పోయేవాడికి నగరం అడ్డు. నగరాన్ని చీల్చుకొని పోవాలి, లేదా చుట్టి పోవాలి. చుట్టిపోవడానికి ఏర్పడినదే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి. దాన్ని కచ్చితమైన వృత్తమనుకుంటే వ్యాసం 50 కిలోమీటర్లు, అర్ధవలయం 79 కిలోమీటర్లు. శంషాబాద్ వలయానికి దక్షిణ కొసన ఉంటే, మేడ్చల్, శామీర్‌పేట కూడళ్లు దాదాపు దానికి ఎదురుగా ఉత్తర కొసన ఉన్నాయి. పటాన్‌చెరు మీదుగా పడమటికి తిరిగినా, ఘట్‌కేసర్ మీదుగా తూర్పుకు తిరిగినా సగం వలయానికి అటూ ఇటూగానే ప్రయాణం. నగరంలో మరే దిక్కువారికీ ఈ వలయం ఇంత పొడవు కాదు.

వలయం ఏ వరుసలో తెరుచుకుందో కూడా గమనించాలి. నైరుతిలో ఐటీ కార్యాలయాల ప్రాంతాన్ని శంషాబాద్‌తో కలిపే భాగం 2008 చివరికే వాహనాలకు సిద్ధమైంది. మేడ్చల్ దగ్గరి కండ్లకోయ కూడలి పూర్తయి వలయం మూసుకున్నది 2018లో. రెండింటి మధ్య పదేళ్లు. ఒకే నగరంలో ఒక కొస విమానాశ్రయానికి దగ్గరైన పదేళ్లకు గాని మరో కొస దగ్గర కాలేదు. నేడు గంటకు 120 కిలోమీటర్ల వేగ పరిమితితో పోతే వలయం మీది భాగం గంటలోపే. గతంలో నగరం గుండా పోయినప్పుడు ఎంత సమయం పడుతుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు. వలయం దూరాన్ని పెంచి, కాలాన్ని తగ్గించింది. సుంకం చెల్లించగలిగి, సొంత వాహనమో అద్దె వాహనమో ఉన్నవారికి మాత్రమే.

రైలు మాట. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వరకు, దక్షిణాన శంషాబాద్ చేరువలోని ఉందానగర్ వరకు ఎంఎంటీఎస్ సేవలు విస్తరించాయి. కాగితం మీద చూస్తే ఉత్తర దక్షిణ కొసలు ఒకే రైలు వ్యవస్థలోకి వచ్చాయి. పట్టాలు ఉందానగర్ దగ్గర ఆగిపోయాయి. టెర్మినల్ దాకా పోలేదు.

6. ఉత్తరాన ఉన్న అమెరికా

శంషాబాద్, షికాగో ఓహేర్ విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలనుబట్టి లెక్కిస్తే మహావృత్త దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. పాత మానంలో వెయ్యి ఆమడలకు కాస్త పైన. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండింటి మధ్య నేరు సర్వీసును ప్రారంభించింది. హైదరాబాదు నుంచి అమెరికాకు ఆగకుండా పోయిన తొలి సర్వీసు అదే. ప్రయాణం 16 గంటల దరిదాపు. కొంతకాలానికి అది నిలిచిపోయింది.

ప్రపంచ పటం గోడకు వేలాడదీసి చూసేవారికి అమెరికా పడమట కనిపిస్తుంది. గోళం మీద లెక్క వేరు. శంషాబాద్ నుంచి షికాగోకు అతి దగ్గరి దారి ఉత్తరానికి కేవలం 12 డిగ్రీలు పడమటగా మొదలై, ఉత్తరధ్రువం వైపు 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుంచి దిగుతుంది. న్యూయార్క్ దిశ ఉత్తరానికి 23 డిగ్రీలు పడమట, శాన్‌ఫ్రాన్సిస్కో దిశ 19 డిగ్రీలు తూర్పు. అంటే తెలుగువారు స్థిరపడిన అమెరికా అంతా హైదరాబాదుకు ఉత్తరాననే ఉంది. షికాగో రేఖ మేడ్చల్‌కు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరంలో పోతుంది. కండ్లకోయ, మైసమ్మగూడ కళాశాలల్లో చదివి పైచదువుకు బయలుదేరే విద్యార్థి ఉత్తరానికి పోవడానికి ముందుగా దక్షిణానికి పోతాడు. గంటకు పైగా పోయిన ఆ దారిని విమానం కొద్ది నిమిషాల్లో వెనక్కి తిప్పేస్తుంది.

నేరు సర్వీసు లేనప్పుడు దుబాయి మీదుగా పోతే మొత్తం దూరం సుమారు 14,190 కిలోమీటర్లు, లండన్ మీదుగా 14,100. పెరిగిన దూరం ఏడు శాతం లోపే. పెరిగేది కాలం, అదీ నేలమీదే. మారుమార్గపు విమానాశ్రయంలో వేచి ఉండటమే ప్రయాణాన్ని పొడిగిస్తుంది. దీనికి రాజకీయాలు తోడవుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసివేయగానే అట్లసులో మారని దూరం ఆకాశంలో మారింది. గడియారం మరింత గందరగోళం చేస్తుంది. శీతకాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. ఇక్కడ మధ్యాహ్నం 12 గంటలకు లేచిన విమానం 16 గంటలు ఎగిరినా అక్కడ అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు దిగుతుంది. తేదీలో చూస్తే ప్రయాణం ఒక పూట.

అదే 2021 జనవరిలో శామీర్‌పేట పక్కనున్న జీనోమ్ వ్యాలీ నుంచి కోవాక్సిన్ తొలి పెట్టెలు శంషాబాద్‌కు చేరి దేశంలోని నగరాలకు విమానాల్లో పోయాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండవలసిన సరుకు అది. దాని విషయంలో రన్‌వేకు ముందున్న దూరాన్ని ఎవరూ విస్మరించలేదు. శీతల వాహనాలు, పోలీసు బందోబస్తు, నిమిషాల లెక్క అన్నీ ఆ భాగానికే. సరుకు విషయంలో కారఖానా తలుపు నుంచే ప్రయాణం మొదలవుతుందని అందరూ ఒప్పుకుంటారు. మనిషి విషయంలోనే పట్టిక రన్‌వే నుంచి మొదలవుతుంది.

7. గల్ఫ్ దారి

అమెరికా ప్రయాణికుడికంటే ఎక్కువగా ఈ రెండు వాకిళ్లను తొక్కినవాడు గల్ఫ్ కార్మికుడు. 1973 నాటి చమురు ధరల పెరుగుదల తరువాత కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల నుంచి మొదలైన వలస తొలినాళ్లలో బొంబాయి మీదుగా సాగింది. మేడ్చల్ మీదుగా పోయే ఆ మన్మాడ్ రైలుమార్గమే నిజామాబాద్ వారికి బొంబాయి దారి. హైదరాబాదు నుంచి గల్ఫ్ విమానాలు పెరిగాక ప్రయాణం దిశ మార్చుకుంది. కామారెడ్డి, నిజామాబాద్‌ల వారు మేడ్చల్ మీదుగా, సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్‌ల వారు శామీర్‌పేట మీదుగా నగరంలోకి వస్తారు. రాత్రి బయలుదేరిన జీపులు, వాటిలో సాగనంపడానికి వచ్చిన బంధువులు, తెల్లవారుజామున దారి పక్కన చాయ దుకాణాల దగ్గర ఆగడం ఈ రెండు రహదారుల మీద దశాబ్దాలుగా చూస్తున్న దృశ్యం.

శంషాబాద్ నుంచి దుబాయికి మహావృత్త దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటల లోపు. జగిత్యాల నుంచి శంషాబాద్‌కు రోడ్డు దూరం అందులో పదో వంతు కూడా లేదు, కాలం మాత్రం దాదాపు అంతే. విమానాశ్రయం బేగంపేటలో ఉన్నంత కాలం ఈ ప్రయాణం నగరపు ఉత్తర అంచున ముగిసేది. 2008 తరువాత నగరం మొత్తం దానికి కలిసింది. టిక్కెట్టు మీద ముద్రించిన సమయంలో ఈ పెరుగుదల ఎక్కడా కనిపించదు.

తిరుగు ప్రయాణాల్లో ఒకటి ఉంది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుడి దేహం సరుకుల విభాగంలో శంషాబాద్‌కు చేరుతుంది. అక్కడి నుంచి స్వగ్రామానికి చేర్చడానికి ప్రభుత్వం ఉచిత అంబులెన్సు ఏర్పాటు చేస్తుంది. ఆ బండి వలయమెక్కి, శామీర్‌పేట కూడలిలోనో మేడ్చల్ కూడలిలోనో దిగి ఉత్తరానికి తిరుగుతుంది. ఊళ్లో ఎదురుచూసేవారు విమానం దిగిన సమయాన్ని అడగరు. బండి శామీర్‌పేట దాటిందా అని అడుగుతారు.